అడుగు పొర కదిలితే...

2025 ఫిబ్రవరి 28, శుక్రవారం. బద్రీనాథ్ దాటి మానా వెళ్లే దారిలో సరిహద్దు రోడ్ల సంస్థ కూలీల శిబిరం. తెల్లవారే వేళయింది కానీ వెలుగు రాలేదు. ఎడతెరిపి లేకుండా మంచు కురుస్తూనే ఉంది. ఎనిమిది ఇనుప కంటెయినర్లు, పక్కనే ఒక షెడ్డు. వాటిలో 54 మంది రగ్గులు ముసుగుతన్ని పడుకుని ఉన్నారు. బిహార్, ఉత్తర్‌ప్రదేశ్, హిమాచల్, పంజాబ్, జమ్మూ కశ్మీర్ నుంచి కూలికి వచ్చినవాళ్లు. సరిహద్దు చౌకీలకు వెళ్లే రోడ్డు మూసుకుపోకుండా మంచు తీయడం వాళ్ల పని.

అయిదున్నరకూ ఆరుకూ మధ్య పైకొండ మీద పెద్ద మోత. ఏమిటా అని లేచేలోపే కంటెయినర్లు పునాదుల్లోంచి పెకలి, దొర్లుకుంటూ లోయవైపు జారిపోయాయి. కొన్నిటి పైకప్పులు ఊడిపోయాయి, కొన్ని నిలువునా మంచులో కూరుకుపోయాయి. బయటపడగలిగినవాళ్లు కాళ్లకు చెప్పులైనా లేకుండా మోకాలిలోతు మంచులో సైనికుల బ్యారక్ వైపు పరుగెత్తారు. మిగతావాళ్లను సైన్యం, ఇండో టిబెటన్ సరిహద్దు పోలీసులు, విపత్తు దళాలు మూడు రోజులపాటు తవ్వి తీశారు. హెలికాప్టర్లు, జాగిలాలు, నేల లోపలికి చూసే రాడార్లు దిగాయి. ఒక దశలో 55 మంది అన్నారు. ఒకరు ఎవరికీ చెప్పకుండా ముందే ఇంటికి వెళ్లిపోయారని తేలడంతో లెక్క 54 దగ్గర ఆగింది. 46 మంది బతికారు. 8 మంది చనిపోయారు.

అంతకుముందు రోజు, గురువారం సాయంత్రం 5 గంటలకు చండీగఢ్ నుంచి ఒక హెచ్చరిక వెలువడింది. రానున్న 24 గంటల్లో చమోలీ సహా ఉత్తరాఖండ్ ఎగువ జిల్లాల్లో, 2,400 మీటర్లకు పైనున్న చోట్ల మంచుచరియలు విరిగిపడే అవకాశం ఉందన్నది దాని సారాంశం. మానా ఉన్నది 3,200 మీటర్ల ఎత్తున.

మనవాళ్లు చూసి వచ్చిన ఊరే

చార్‌ధామ్ యాత్ర చేసిన తెలుగువాళ్లలో మానా చూడనివాళ్లు తక్కువ. బద్రీనారాయణుడి దర్శనం అయ్యాక జీపెక్కి మూడు కిలోమీటర్లు వెళ్తే ఆ ఊరు. వ్యాసుడు భారతం చెప్పాడనే గుహ, సరస్వతి నది మీద భీముడు వేశాడనే బండరాతి వంతెన, దేశానికి చిట్టచివరి టీ కొట్టు అన్న బోర్డు ముందు ఫొటో. మే, జూన్ నెలల్లో చూసినవాళ్లకు అది పచ్చగా, ఎండగా, రద్దీగా గుర్తుంటుంది.

నవంబరులో గుడి తలుపులు మూశాక అక్కడ కనిపించేది వేరే కొండ. పూజారులు, దుకాణాలవాళ్లు, మానా ఊరివాళ్లు అందరూ సామాన్లు సర్దుకుని కిందికి దిగిపోతారు. ఆ కొండల్లో తరతరాలుగా బతికినవాళ్లు చలికాలం అక్కడ ఉండరు. ఏ గట్టు కింద ఇల్లు కట్టకూడదో, ఏ వాగు దారిలో మంచు దిగుతుందో వాళ్లకు తాతల నాటినుంచి తెలుసు. ఆ ఆరు నెలలూ పైన మిగిలేది సైనికులు, వాళ్లకోసం దారి తీసే కూలీలు. వీళ్లలో చాలామంది ఆ కొండకు కొత్త.

హిమాలయాల మంచుచరియల చరిత్ర తిరగేస్తుంటే ఈ సంగతే మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. యూరప్‌లో, అమెరికాలో మంచు కింద పడి చనిపోయేవాళ్లలో ఎక్కువమంది సరదాకు స్కీయింగ్‌కో, పర్వతారోహణకో వెళ్లినవాళ్లు. మన దగ్గర చనిపోయేవాళ్లలో ఎక్కువమంది ఉద్యోగం కోసమో, కూలి కోసమో వెళ్లినవాళ్లు.

కొండ మీద మంచు ఒకే ముద్ద కాదు

కింద నిలబడి చూస్తే కొండంతా ఒకే తెలుపు. పారతో నిలువునా గుంట తవ్వి పక్కగోడ చూస్తే ఆ చలికాలం చరిత్ర అంతా పొరలు పొరలుగా కనిపిస్తుంది. డిసెంబరులో కురిసింది అడుగున, ఆ తర్వాత ఎండ తగిలి కరిగి గడ్డకట్టిన పలచని గాజుపొర, దానిమీద గాలి తెచ్చి పోసిన మంచు, అన్నిటికన్నా పైన నిన్నటి తాజా మంచు. ఒక్కో పొరకు ఒక్కో గట్టిదనం. పొరకూ పొరకూ మధ్య పట్టు బాగుంటే కొండ నిశ్చింతగా ఉంటుంది. ఏదో ఒకచోట పట్టు తప్పితే అక్కడే ప్రమాదం పుడుతుంది.

పట్టు తప్పడానికి ప్రధాన కారణం వినడానికి వింతగా ఉంటుంది. మంచు కింద నేల సున్నా డిగ్రీల దగ్గర, అంటే పైగాలితో పోలిస్తే వెచ్చగా ఉంటుంది. పైన గాలి మైనస్ ఇరవై ఉండవచ్చు. మంచు దుప్పటి మందంగా ఉంటే ఈ తేడా మెల్లగా సర్దుకుంటుంది. పలచగా ఉంటే కొద్ది మందంలోనే అంత తేడా ఇమడాలి. అప్పుడు అడుగునుంచి నీటి ఆవిరి పైకి పాకుతూ మంచు రేణువుల రూపాన్నే మార్చేస్తుంది. ప్రతి పది సెంటీమీటర్లకు ఒక డిగ్రీకి మించి తేడా ఉంటే ఈ మార్పు మొదలవుతుందని మంచు శాస్త్రవేత్తల లెక్క. కొద్ది వారాల్లో అడుగు పొర ఒకదానికొకటి అంటుకోని పలుకులుగా తయారవుతుంది. చేతిలోకి తీసుకుంటే జలజలా రాలిపోతుంది. పళ్లెంలో పంచదార పోసి, దానిమీద గాజుపలక పెట్టి, పళ్లాన్ని ఒక పక్కకు ఒరిగిస్తే ఏమవుతుందో కొండ మీదా అదే అవుతుంది.

అందుకే మంచు తక్కువ పడిన ఏడాది ప్రమాదం తక్కువనుకోవడం పొరపాటు. డిసెంబరు, జనవరి పొడిగా గడిచి, ఉన్న కాస్త మంచూ చలికి పలుకులుగా మారిపోయాక, ఫిబ్రవరి చివర్లో ఒక్కసారిగా మూడు నాలుగు అడుగులు కురిస్తే బలహీనమైన పునాది మీద పెద్ద మేడ కట్టినట్టే. పశ్చిమ హిమాలయాలకు చలికాలపు మంచును తెచ్చేది మధ్యధరా సముద్రం వైపునుంచి వచ్చే పశ్చిమ అలజడులు. అవి ఆలస్యంగా, ఒకేచోట కుమ్మరించినట్టు వచ్చిన ఏడాది కొండవాసులకు గుండె గుబులు.

గాలి చేసే పని ఇంకోటి. శిఖరానికి ఒక వైపు మంచును గీకి రెండో వైపున పోస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజు కూడా అవతలి వాలు మీద గంటకింత చొప్పున బరువు పెరుగుతూ ఉంటుంది. కింద నడిచేవాళ్లకు మంచు కురవడం ఆగిపోయిందన్న ధైర్యం. పైన మాత్రం బరువు పెరగడం ఆగదు.

ముప్పై నుంచి నలభై అయిదు డిగ్రీలు

మంచుచరియ ఎక్కడపడితే అక్కడ పుట్టదు. వాలు 30 డిగ్రీల కన్నా తక్కువుంటే పలకగా జారడం అరుదు. 50 డిగ్రీలు దాటితే మంచు నిలవదు, కురిసింది కురిసినట్టే రాలిపోతుంది. ప్రాణాలు తీసేది ఆ మధ్యలో, ముఖ్యంగా 30 నుంచి 45 డిగ్రీల వాలు. స్కీయింగ్‌కు ఆనందం ఇచ్చేదీ, ఫొటోల్లో అందంగా కనిపించేదీ సరిగ్గా ఇదే వాలు.

అలాంటి వాలు మీద పట్టు తప్పిన పొర ఉన్నప్పుడు ఒక మనిషి బరువు చాలు. అడుగు పడ్డచోట ‘ధప్’ మని మూగచప్పుడు వస్తుంది. కాళ్లకింద మంచు చిన్నగా కుంగుతుంది. అడుగు పొర కూలిందని దానర్థం. ఆ కూలడం కనురెప్పపాటులో పక్కలకు పాకిపోయి, ఎగువన వందల అడుగుల పొడవునా మంచు చీలుతుంది. మొత్తం పలక ఒక్కసారిగా కదులుతుంది. కొన్ని క్షణాల్లోనే గంటకు వంద కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. పొడిమంచు మేఘంగా లేచిందంటే వేగం దానికి రెండింతలు దాటుతుంది. పరుగెత్తి తప్పించుకోవడం అన్న మాటే లేదు.

సరదాకు వెళ్లి మంచు కింద పడ్డవాళ్లలో పదిమందిలో తొమ్మిదిమంది విషయంలో ఆ చరియను కదిలించింది వాళ్లో, వాళ్ల జట్టులోనివాళ్లో అని పాశ్చాత్య దేశాల అనుభవం. మానా శిబిరం కథ వేరు. కూలీలు ఏ వాలూ ఎక్కలేదు. నిద్రపోతున్నవాళ్ల మీదికి కొండే దిగివచ్చింది. ఈ రెండు రకాల ప్రమాదాలకూ జాగ్రత్తలు వేరు. మొదటిదాంట్లో నడిచేవాడి నిర్ణయం ముఖ్యం. రెండోదాంట్లో శిబిరం ఎక్కడ వేయాలో, ఎప్పుడు ఖాళీ చేయించాలో నిర్ణయించేవాళ్ల బాధ్యత.

---
బాక్స్: కొండ ఇచ్చే సంకేతాలు

• చుట్టుపక్కల వాలుల మీద ఇటీవల చరియలు విరిగిపడిన గుర్తులు. ఇంతకన్నా గట్టి హెచ్చరిక లేదు.

• ఒక్క రోజులో అడుగుకు మించి కొత్త మంచు. కురుస్తున్నప్పుడు, కురిసి ఆగిన తర్వాత ఒకటి రెండు రోజులు అత్యంత ప్రమాదకరం.

• నడుస్తుంటే కాళ్లకింద మూగచప్పుడు, ముందుకు పరుగెత్తే పగుళ్లు.

• ఉన్నట్టుండి ఎండ కాయడం, మంచు మీద వాన పడటం. వసంతకాలంలో మధ్యాహ్నం తర్వాత తడిమంచు జారుతుంది.

• చెట్లలో ఒక పట్టీ మేర ఖాళీ, వంగిన మొక్కలు, ఒక వైపు కొమ్మలు విరిగిన మానులు. పాత చరియల దారి అదే.
---

పది నిమిషాల గడువు

కదులుతున్నంతసేపూ ధారగా పారే మంచు ఆగిన మరుక్షణం బిగుసుకుపోతుంది. లోపలున్న మనిషి వేలు కూడా కదపలేడు. ఏది పైనో ఏది కిందో తెలియదు. పైకి వినపడేలా అరవలేడు. కొందరు రాళ్లకూ చెట్లకూ కొట్టుకుని గాయాలతో చనిపోతారు. ఎక్కువమందిని చంపేది మాత్రం ఊపిరాడకపోవడం. వదిలిన ఊపిరిలోని తేమ ముఖం ముందు మంచుగా పేరుకుని గాలి అందకుండా చేస్తుంది.

స్విట్జర్లాండ్‌లో దశాబ్దాల ప్రమాదాల లెక్కలు విశ్లేషించి 2024లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, పూర్తిగా కూరుకుపోయినవాళ్లను పది నిమిషాల్లోపు బయటికి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు. అరగంట అయ్యేసరికి బతికే అవకాశం మూడో వంతుకు పడిపోతుంది. ఏ దేశంలోనైనా హెలికాప్టర్ పది నిమిషాల్లో రాదు. కాపాడగలిగేది పక్కనున్న మనిషే.

అందుకే పాశ్చాత్య దేశాల్లో మంచు వాలులకు వెళ్లే ప్రతివాళ్ల దగ్గరా మూడు వస్తువులుంటాయి. ఛాతీకి కట్టుకునే బీకన్ 457 కిలోహెర్ట్జ్ మీద సంకేతాలు పంపుతూ ఉంటుంది. ఒకరు కూరుకుపోతే మిగతావాళ్లు తమ బీకన్‌ను వెతికే పద్ధతికి మార్చి జాడ పడతారు. మడతలు విప్పితే పొడవయ్యే సన్నని కడ్డీతో గుచ్చి మనిషి ఎక్కడున్నాడో కచ్చితంగా తెలుసుకుంటారు. మూడోది పార. చేతులతో ఆ మంచు తవ్వడం అయ్యే పని కాదు. ఘనమీటరు చరియమంచు మూడు నుంచి అయిదు వందల కిలోలు తూగుతుంది.

మానాలో అంతమంది బతకడానికి పెద్ద కారణం కంటెయినర్లు. ఇనుప గోడల మధ్య కాస్త గాలి మిగిలింది. గంటల తరబడి ఆ గాలితోనే ఊపిరి పీల్చుకున్నారు. గుడారాల్లో ఉండి ఉంటే లెక్క ఎలా ఉండేదో ఊహించడానికి భయమేస్తుంది.

ఆరు రోజులు, ఇరవై అయిదు అడుగుల కింద

ఊపిరి మిగిలితే మనిషి ఎంతకాలం నిలవగలడో దేశమంతా చూసింది 2016లో. ఫిబ్రవరి 3న సియాచిన్‌లో 19,600 అడుగుల ఎత్తునున్న సోనమ్ పోస్టు మీద మంచుగోడ విరిగిపడింది. మద్రాస్ రెజిమెంటు 19వ బెటాలియన్‌కు చెందిన పదిమంది కూరుకుపోయారు. ఆరో రోజున, ఫిబ్రవరి 8న, ఇరవై అయిదు అడుగుల లోతున లాన్స్‌నాయక్ హనుమంతప్ప కొప్పద్ ఊపిరితో కనిపించారు. ధార్వాడ్ జిల్లా బెటదూరు రైతు కుటుంబపు బిడ్డ. గుడారం ఒక మూల చిన్న గాలిగూడు ఏర్పడటంతో అంతకాలం నిలిచారు. ఢిల్లీ సైనిక ఆసుపత్రిలో వైద్యులు ఎంత ప్రయత్నించినా ఫిబ్రవరి 11న కన్నుమూశారు.

ఆ పదిమందిలో తమిళులున్నారు, కన్నడిగులున్నారు, మలయాళీ, మరాఠీ వాళ్లున్నారు. ఒకరు మన కర్నూలు జిల్లా సిపాయి. మంచు అనేదే ఎరుగని ఊళ్లనుంచి వెళ్లి ప్రపంచంలోనే ఎత్తైన యుద్ధక్షేత్రంలో కాపలా కాసినవాళ్లు. 1984లో మన సైన్యం ఆ హిమానీనదం మీదికి ఎక్కిన నాటినుంచీ అక్కడ తూటాల కన్నా వాతావరణమే ఎక్కువమందిని బలితీసుకుంది. అవతలి వైపూ అంతే. 2012 ఏప్రిల్ 7న గయారీ దగ్గర పాకిస్థాన్ సైనిక స్థావరం మీద చరియ పడి 140 మంది సమాధి అయ్యారు. ఆ స్థావరం దాదాపు ఇరవై ఏళ్లుగా అక్కడే ఉంది. ఇన్నేళ్లలో ఏమీ కాలేదు కాబట్టి ఇకమీదటా కాదన్న నమ్మకమే చాలాచోట్ల ప్రాణాంతకమైంది. మంచుచరియలకు ముప్పై ఏళ్లకో, యాభై ఏళ్లకో ఒకసారి తిరిగివచ్చే అలవాటు ఉంటుంది.

నేర్పేవాళ్లనూ వదల్లేదు

అనుభవం ఉంటే చాలనుకోవడానికీ లేదు. 2022 అక్టోబరు 4న ఉత్తరకాశీ నెహ్రూ పర్వతారోహణ సంస్థ శిక్షణ జట్టు ద్రౌపదీ కా దండా–2 శిఖరానికి చేరువలో ఉంది. ఎత్తు 5,670 మీటర్లు. శిక్షణలో భాగంగా ఏటా ఎక్కే శిఖరమే. తాజాగా కురిసిన మంచు పలకగా విరిగి, జట్టులో చాలామందిని కింది మంచుపగులులోకి తోసేసింది. 27 మృతదేహాలు దొరికాయి. అప్పట్లో ఇద్దరి ఆచూకీ తెలియలేదు. చనిపోయినవాళ్లలో శిక్షకురాలు సవితా కంస్వాల్ ఉన్నారు. ఆ ఏడాది మే నెలలోనే పదహారు రోజుల తేడాలో ఎవరెస్టునూ మకాలూనూ ఎక్కిన యువతి ఆమె. ఇల్లు గడవడమే కష్టమైన కుటుంబంలో పుట్టి, ఆ ఎత్తుకు చేరిన మనిషి. ఆమె మరణానంతరం ప్రభుత్వం టెన్జింగ్ నార్గే సాహస పురస్కారం ప్రకటించింది.

మన తెలుగు పిల్లల గొప్ప విజయానికి ముందు కూడా ఒక మంచు విషాదం ఉంది. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్టు నేపాల్ వైపున, ఖుంబూ మంచుప్రవాహం మీద పైనుంచి పెద్ద మంచుగడ్డ విరిగిపడి 16 మంది నేపాలీ కార్మికులు చనిపోయారు. యాత్రికులకోసం తాళ్లు కట్టి, సామాన్లు మోస్తున్నవాళ్లే అందరూ. తోటి షెర్పాలు ఇక ఎక్కేది లేదన్నారు. ఆ వైపు యాత్రలు దాదాపు అన్నీ ఆగిపోయాయి. నిజామాబాద్ జిల్లా పాకాల గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా ఆనంద్‌కుమార్ ఆ సమయంలో టిబెట్ వైపునుంచి ఎక్కుతున్నారు. మే 25న శిఖరం చేరారు. పద్నాలుగేళ్లు నిండని పూర్ణ ఆ ఘనత సాధించిన అతిపిన్న బాలిక అయింది.

మూడు రకాల హిమాలయం, మారుతున్న చలికాలం

హిమాలయాల మంచు అంతా ఒక తీరు కాదు. కశ్మీర్ లోయకూ మనాలికీ దగ్గరగా ఉండే పీర్ పంజాల్ శ్రేణిలో చలి మరీ ఎక్కువ కాదు, మంచు మాత్రం విస్తారంగా, తేమగా కురుస్తుంది. అక్కడ చరియలు ఎక్కువగా తుపాను రోజుల్లోనే దిగుతాయి. లోపలికి వెళ్లేకొద్దీ, కరాకోరం చేరేసరికి చలి విపరీతం, మంచు పొడి. అడుగు పొరలు పలుకులుగా మారే జబ్బు అక్కడ ఎక్కువ. తుపాను వెళ్లిపోయిన ఎన్నో రోజులకు, నిర్మలమైన ఉదయాన చరియ కదలవచ్చు. ఈ రెండిటి మధ్యనున్న ప్రధాన హిమాలయంలో రెండు లక్షణాలూ కనిపిస్తాయి.

వాతావరణం వేడెక్కితే మంచు తగ్గి ఈ ముప్పు కూడా తగ్గుతుందని అనిపించవచ్చు. 2018లో అచ్చయిన ఒక పరిశోధన దీనికి భిన్నమైన సంగతి చెప్పింది. మనాలి–లేహ్ దారి పక్కనున్న వాలుల మీద చెట్ల మానుల్లోని వలయాలను పరిశీలించారు. చరియ తాకిన ఏడాది వలయంలో గాయం గుర్తుంటుంది. చెట్టు రాసిపెట్టుకున్న ఆ దినచర్యను బట్టి చూస్తే ఇటీవలి దశాబ్దాల్లో చరియలు పెరిగాయి. చలికాలం చివర, వసంతం మొదట్లో మంచు త్వరగా తడిసి బరువెక్కి జారడం ఇందుకు కారణమని తేల్చారు. ఆ ప్రాంతానికి కొత్త ముప్పు ఏమీ కాదిది. 1979 మార్చిలో లాహౌల్ లోయలో వరసగా పడ్డ చరియలు రెండు వందలమందికి పైగా ప్రాణాలు తీశాయి. అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటంటే ఆ లోయలో ఇప్పుడు రోడ్లు, సొరంగాలు, హోటళ్లు, వేలకొద్దీ పర్యాటక వాహనాలు ఉన్నాయి.

సెలవులు, మంచు, మనవాళ్లు

డిసెంబరు వచ్చిందంటే హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో కేదార్‌కంఠ పేరు వినని ఆఫీసు ఉండదు. మనాలి, గుల్మార్గ్, సిక్కిం టికెట్లు నెలల ముందే అయిపోతాయి. కొండలు చూడాలన్న కోరిక మంచిదే. బతుకంతా తెరల ముందు గడిపే పిల్లలు నాలుగు రోజులు చలిలో నడిచి వస్తే ఆరోగ్యం, ఆనందం. పేరున్న చలికాలపు ట్రెక్కుల్లో చాలావరకు అడవిగుండా, మెల్లని వాలుల మీద సాగేవే. చిక్కు ఎక్కడొస్తుందంటే, మంచు బాగా కురిసిన మర్నాడు అదే దారి అదే దారిగా ఉండదన్న సంగతి వెళ్లేవాళ్లకు తెలియదు. మూడు రోజుల సెలవే ఉంది, డబ్బు కట్టేశాం, శిఖరం చూడకుండా ఎలా వెనక్కి వెళ్తామన్న ఒత్తిడి.

2023 ఏప్రిల్ 4న సిక్కింలో నాథులాకు వెళ్లే దారిలో ఏడుగురు పర్యాటకులు చనిపోయారు. 13వ మైలు వరకే అనుమతి ఉంటే, 15వ మైలు దగ్గర మంచులో ఆడుకుంటున్న జనం మీద చరియ పడింది. అక్కడ ట్రెక్కింగ్ లేదు, పర్వతారోహణ లేదు. తారురోడ్డు పక్కన కారు దిగి ఫొటోలు తీసుకుంటున్నవాళ్లు. దాటివెళ్లిన ఆ రెండు మైళ్లు చాలామంది మామూలుగా దాటేవే.

---
బాక్స్: ట్రెక్కుకు డబ్బు కట్టేముందు అడగండి

• మంచు కురిసిన మర్నాడు ఆ దారిలో 30 డిగ్రీలు మించిన వాలు ఏదైనా దాటాలా? దానికి పైన ఏముంది?

• గైడ్లు రోజూ మంచుచరియల బులెటిన్ చూస్తారా? ఆరెంజ్, రెడ్ హెచ్చరిక ఉంటే ఏం చేస్తారు?

• జట్టులో అందరికీ బీకన్లు ఉన్నాయా? వాడటం నేర్పుతారా?

• వెనక్కి తిరగాలని నిర్ణయించే అధికారం కొండ మీదున్న గైడ్‌దా, ఊళ్లో ఉన్న ఆఫీసుదా?

సూటిగా జవాబు చెప్పనివాళ్లతో వెళ్లవద్దు.
---

స్విట్జర్లాండ్ ఏం చేసింది?

ఆల్ప్స్ పల్లెలు ఈ ముప్పుతో వందల ఏళ్లు కాపురం చేశాయి. ఆండర్‌మాట్ ఊరివాళ్లు తమ మీదికి మంచు రాకుండా కాచే కొండవాలు అడవిని నరకరాదని 1397లోనే కట్టుబాటు రాసుకున్నారు. అడవి మంచును పట్టి ఉంచుతుందని వాళ్లకు ఏ ప్రయోగశాలా చెప్పలేదు. 1936లో దావోస్ పైనున్న వైస్‌ఫ్లూయోక్ కొండ మీద శాస్త్రవేత్తలు ఒక చిన్న ప్రయోగశాల కట్టుకుని పొరల అధ్యయనం మొదలుపెట్టారు. ఆ పని ఇవాళ్టికీ దావోస్ సంస్థలో సాగుతోంది. చలికాలమంతా సాయంత్రం 5 గంటలకు, పొద్దున 8కి బులెటిన్ వస్తుంది. ప్రమాదాన్ని ఒకటి నుంచి అయిదు వరకు చెబుతారు. ఏ ఎత్తున, ఏ దిక్కు వాలు మీద, ఏ రకం పొరవల్ల ముప్పో కూడా అందులో ఉంటుంది.

1950–51 చలికాలంలో ఆ చిన్న దేశంలో 98 మంది చరియల కింద చనిపోయారు. ఆ దెబ్బతో కొండల నెత్తిన వందల కిలోమీటర్ల ఉక్కు కంచెలు వేశారు. రోడ్ల మీద మంచు జారిపోయే కప్పులు కట్టారు. ఎక్కడ ఇల్లు కట్టకూడదో ఎర్రరంగుతో పటాలు గీశారు. 1999లో మళ్లీ అంతటి మంచు కురిసింది. ఈసారి ఊళ్లలో, రోడ్ల మీద చనిపోయినవాళ్లు 17 మంది. అప్పటికి జనం, ఇళ్లు, వాహనాలు ఎన్నో రెట్లు పెరిగాయి.

మన దగ్గర శాస్త్రం లేదనడం తప్పు. మనాలిలో 1969లోనే మంచు, మంచుచరియల అధ్యయన సంస్థ ఏర్పడింది. 2020లో దాన్ని రక్షణ పరిశోధన సంస్థకే చెందిన మరో ప్రయోగశాలతో కలిపి, చండీగఢ్ కేంద్రంగా భూసమాచార పరిశోధన సంస్థగా మార్చారు. మానాకు ముందు రోజు హెచ్చరిక పంపింది ఈ సంస్థే. 2022లో ఉత్తర సిక్కింలో చరియ కదిలిన మూడు సెకన్లలో పసిగట్టే రాడార్‌ను సైన్యంతో కలిసి పెట్టింది. అటల్ సొరంగం వచ్చాక రోహ్‌తాంగ్ కనుమ మీద చలికాలంలో ప్రాణాలకు తెగించి నడవాల్సిన అగత్యం లాహౌల్ జనానికి తప్పింది. కశ్మీర్‌నూ లద్దాఖ్‌నూ కలిపే జోజిలా కనుమ కింద 13 కిలోమీటర్లకు పైబడిన సొరంగాన్ని హైదరాబాద్ సంస్థే తవ్వుతోంది. అది పూర్తయితే ఎన్నో చరియల దారులు ప్రయాణికులకు తప్పుతాయి. అందాకా ఆ దారుల కింద పనిచేసేది మళ్లీ కూలీలే. 2023 జనవరిలో సోన్‌మార్గ్ దగ్గర సర్బల్‌లో చరియ పడి చనిపోయిన ఇద్దరూ సొరంగం పనులకు వచ్చినవాళ్లే.

హెచ్చరిక ఎవరిదాకా వెళ్లింది?

మానాకు నాలుగేళ్ల ముందు, 2021 ఏప్రిల్ 23న, అదే చమోలీ జిల్లాలో నీతీ లోయలోని సుమ్నా దగ్గర సరిహద్దు రోడ్ల సంస్థ కూలీల శిబిరం మీదే చరియ పడింది. సైన్యం 384 మందిని కాపాడింది. పదిమందికి పైగా చనిపోయారు. అదే జిల్లా, అదే సంస్థ. ఇది చదివాక మానాను దైవఘటన అని సరిపెట్టుకోవడం నాకు సాధ్యం కాలేదు. చండీగఢ్‌లో తయారయ్యే బులెటిన్ జిల్లా కలెక్టరేట్‌కు వెళ్తుంది, పత్రికల్లో ఒక మూల వస్తుంది. కంటెయినర్‌లో పడుకున్న మనిషి దాకా వెళ్లి, రాత్రికి రాత్రి అతన్ని లేపి కిందికి దించే యంత్రాంగం ఉంటేనే దానికి హెచ్చరిక అన్న పేరు తగుతుంది.

సైనికుడి సంగతి వేరు, ఆజ్ఞ వస్తే ఉండాలి. కూలీకి అలాంటి ప్రమాణం ఏదీ లేదు. అతను నెలకింతని మాట్లాడుకుని, ఇంటికి పంపే డబ్బుకోసం వచ్చినవాడు. రేపు ప్రమాదమట, కిందికి పోతానంటే ఆ రోజు కూలి పోతుంది, పనీ పోవచ్చు. అందువల్ల నోరు మెదపడు. చాలామందికి బులెటిన్ ఒకటుందనే తెలియదు.

చేయాల్సినవి ఖరీదైన పనులు కూడా కావు. చలికాలపు శిబిరం ఎక్కడ వేయాలన్నా ముందుగా మంచు నిపుణుల సంతకం ఉండాలి. చరియల దారుల పటాలు మన దగ్గర ఉన్నాయి, వాటిని గుత్తేదారు చేతిలో పెట్టాలి. మంచు మీద పనిచేసే ప్రతి కూలీకీ హెల్మెట్ ఇచ్చినట్టే బీకన్ ఇవ్వాలి, ప్రతి శిబిరంలో కడ్డీలు, పారలు ఉండాలి, నెలకోసారి వెతుకులాట సాధన చేయించాలి. ఆరెంజ్ హెచ్చరిక వచ్చిన సాయంత్రమే శిబిరం ఖాళీ కావాలి. ఆ రోజులకు పూర్తి కూలి ఇవ్వాలన్న షరతు పని ఒప్పందంలోనే రాసి ఉండాలి. వచ్చే చలికాలం మానా దారిలోనూ, నీతీ లోయలోనూ, జోజిలా దగ్గరా మళ్లీ మంచు తీయాలి. నవంబరుకు ముందే ఆ ఒప్పందాల మీద సంతకాలు జరుగుతాయి.